కంచికి వెళ్ళని కథలు: వింత కథల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వింత కథలు ఇష్టంగా చదువుతానని తెలిసినవాళ్ళు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. అర్థం కాని కథ ఎందుకు చదవాలి, ముగింపు అలా గాల్లో ఎందుకు వదిలేస్తారు, రాత్రిళ్ళు భయం వేయదా, నాకూ రాయాలనుంది ఏం చెయ్యాలి. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టేస్తున్నాను. వింత కథ అని నేను అంటున్నది కలలో జరిగినట్టు జరిగిపోయే చిన్న కథని: చచ్చిపోయినవాళ్ళు మామూలుగా వచ్చి పోతుంటారు, గదులు చోటు మారుతుంటాయి, ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. మీ అనుమానం ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## ఇంకా మొదలుపెట్టనివాళ్ళకి

ఇవి దెయ్యం కథలే కదా, పేరు మార్చి చెప్తున్నారా?

దెయ్యం ఉండొచ్చు, కానీ దాని ఉద్యోగం వేరు. మామూలు దెయ్యం కథలో ఒక చిక్కుముడి ఉంటుంది. ఎవరో అన్యాయంగా చచ్చిపోతారు, పగబడతారు, చివర్లో గుట్టు బయటపడి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ కథల్లో అయితే ఎప్పుడో పోయిన మామయ్య సాయంత్రం వచ్చి సోఫాలో కూర్చుని టీవీ సౌండ్ తగ్గించమంటాడు, ఇంట్లోవాళ్ళు తగ్గిస్తారు, అంతే. ఎందుకొచ్చావని ఒక్కరూ అడగరు. ఆ అడగకపోవడమే మనల్ని కుదురుగా కూర్చోనివ్వదు.

సర్రియలిస్ట్ అనే మాటని ఫ్రెంచ్ కవి గియోమ్ అపోలినేర్ 1917లో పుట్టించాడు. 1924లో ఇంకో ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెతాన్ ఆ ధోరణి గురించి ప్రకటించిన తన మేనిఫెస్టోలో కలా మెలకువా కలిసిపోయి ఏర్పడే ఒక పై వాస్తవం గురించి రాశాడు. తెలుగులో అధివాస్తవికత అంటున్నది దీన్నే. దెయ్యాలూ ఆత్మలూ దానికంటే ఎంతో పాతవి. ఈ రెండూ ఎదురుపడిన చోట పుట్టిన కథలివి.

లాజిక్ లేని కథలు చదవడం టైమ్ వేస్ట్ కాదా?

లాజిక్ లేదని ఎవరన్నారు? ఒక్క విషయం వదిలేస్తే మిగతా అన్నిట్లోనూ ఈ కథలు మామూలు కథలకంటే గట్టిగా లాజిక్ పట్టుకుని ఉంటాయి. 1915లో అచ్చయిన ఫ్రాంజ్ కాఫ్కా 'మెటమార్ఫసిస్' తీసుకోండి. గ్రెగర్ జంజా పొద్దున్న లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడు. అబద్ధం అదొక్కటే. కాసేపటికి అతను గడియారం వంక చూస్తాడు, ఆరున్నర అయిపోయింది, ఐదింటి రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది, ఇప్పుడు ఆఫీసులో ఏం చెప్పాలి అని టెన్షన్ పడతాడు. పురుగైనందుకు కాకుండా లేటైనందుకు కంగారుపడేవాణ్ణి చూస్తే నవ్వూ వస్తుంది, కడుపులో తిప్పినట్టూ ఉంటుంది. ఎందుకంటే జ్వరంతో లేవలేని పొద్దున మనం కూడా మొదట ఆలోచించింది ఆఫీసుకి మెసేజ్ ఏం పెట్టాలా అనే. ఆ తర్వాత మంచం ఎలా దిగాలి, తలుపు ఏ దవడతో తియ్యాలి, ఏ తిండి సహిస్తుంది, అన్నీ ఒక పద్ధతి ప్రకారం జరుగుతాయి. ఒక్క అబద్ధానికి కట్టుబడి మిగతాదంతా నిజం చెప్పడమే ఈ కథల లాజిక్.

చిన్న కథలే ఎందుకు? నవలైతే ఇంకా బాగా మునిగిపోతాం కదా?

మునగడం వేరు, కాపురం పెట్టడం వేరు. ఎడ్గార్ అలన్ పో 1842లో రాసిన ఒక సమీక్షలో, అరగంట నుంచి ఒకటి రెండు గంటల్లోపు కూర్చున్నపళంగా అయిపోయే కథకే పూర్తి బలం ఉంటుందన్నాడు. మధ్యలో లేచామంటే లోకవ్యవహారాలు అడ్డుపడి ఆ ముద్ర చెదిరిపోతుందని ఆయన వాదన. మిగతా కథల సంగతేమో గానీ వింత కథకి ఇది నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది. చీకటి గదిలోకి వెళ్తే కాసేపటికి కళ్ళు అలవాటు పడి బీరువా బీరువాలా, కుర్చీ కుర్చీలా కనబడుతుంది కదా, నవలలో కళ్ళు అలవాటు పడేంత టైమ్ ఉంటుంది. మూడొందల పేజీలు ఇంట్లో తిరిగిన దెయ్యం ఇంటి మనిషైపోతుంది, దానికీ ఒక ఫ్లాష్‌బ్యాక్ కావాలి, ఎప్పుడు కనబడాలో కొన్ని రూల్స్ కావాలి. చిన్న కథ మన కళ్ళు అలవాటు పడేలోపే అయిపోతుంది. ఆ బీరువా నిజంగా బీరువాయేనా అన్నది తేలదు.

నాకు మామూలుగానే భయం ఎక్కువ. చదవొచ్చా?

చదవొచ్చు. వీటిలో చాలావాటికి నవ్వు చుట్టం. 1836లో అచ్చయిన నికొలాయ్ గోగోల్ కథ 'ముక్కు'లో ఒక మంగలి పొద్దున్నే రొట్టె కోస్తే అందులో మనిషి ముక్కు దొరుకుతుంది, ఆ ముక్కు పోగొట్టుకున్న అధికారికి అది తనకంటే పెద్ద హోదా యూనిఫాంలో వీధిలో ఎదురవుతుంది. అలాంటివాటితో మొదలుపెట్టండి. నిద్ర పట్టని రకమైతే పగలు చదువుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

## చదువుతున్నప్పుడు

నేను దెయ్యాల్ని అస్సలు నమ్మను. అయినా కథలో ఎందుకు కూరుకుపోతున్నాను?

నమ్మకంతో దీనికి పని లేదు కాబట్టి. కోల్‌రిడ్జ్ అనే ఇంగ్లిష్ కవి 1817లో, అపనమ్మకాన్ని మన ఇష్టంతోనే కాసేపు పక్కన పెడతాం అని రాశాడు, ఆ మాట ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. మనకి అంతకంటే సులువైన మాటుంది, ఊ కొట్టడం. కథ చెప్తుంటే ఊ అనే పిల్ల "నమ్ముతున్నాను" అనట్లేదు, "వింటున్నాను, కానియ్" అంటోంది.

మంచి రచయిత ఈ ఊ మీదే ఆధారపడతాడు. ముందు మీ చేత పది చిన్న విషయాలకి ఊ కొట్టిస్తాడు. స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరకలు, ఆరీ ఆరని టవల్ వాసన, మూసుకునేటప్పుడు ఒకసారి ఆగి మళ్ళీ కదిలే లిఫ్ట్ తలుపు. అన్నీ మీకు తెలిసినవే, ఊ అనకుండా ఎలా ఉంటారు? పదింటికీ ఊ అన్న నోరు పదకొండోదానికి కూడా అలవాటుగా ఊ అనేస్తుంది. ఆ పదకొండోది, లిఫ్ట్ అద్దంలో మీ వెనకాల మనిషి కనబడుతున్నాడు, మీరు కనబడట్లేదు.

కలలో కూడా ఇంతే కదా. కలలొచ్చే నిద్రలో తర్కం చూసుకునే మెదడు ముందు భాగం జోరు తగ్గుతుంది, భయం, ప్రేమ లాంటివి చూసే భాగాలు మాత్రం చురుగ్గా ఉంటాయి. అందుకే ఎప్పుడో పోయిన తాతయ్యతో కూర్చుని కబుర్లు చెప్తున్నా కలలో మనకేం ఆశ్చర్యం వేయదు. లేచాక వేస్తుంది. ఈ కథలు మెలకువలోనే ఆ కల దరిదాపుల్లోకి తీసుకెళ్తాయని నాకనిపిస్తుంది.

భయపెట్టే సీన్ ఒక్కటీ లేదు, అయినా ఒళ్ళు జలదరించింది. ఎందుకిలా?

తెలియనిదాన్ని చూస్తే వేసే భయం ఒక రకం. తెలిసిందే కొత్తగా కనబడితే వేసేది ఇంకో రకం, మీకు వేసింది రెండోది. మనసు లోతుల్ని తవ్వి చూసిన డాక్టర్ ఫ్రాయిడ్ 1919లో దీని మీదే ఒక పెద్ద వ్యాసం రాశాడు. జర్మన్‌లో ఇంటికి సంబంధించినది, సొంతమైనది అనే అర్థమిచ్చే మాటకే దాచిపెట్టినది అనే అర్థం కూడా ఉందని, ఈ జలదరింపు ఆ రెండు అర్థాలూ కలిసే చోట పుడుతుందని ఆయన పట్టుకున్నాడు. ఫ్రాయిడ్ చెప్పినవన్నీ నేను ఒప్పుకోను గానీ ఈ ఒక్క ముక్క మాత్రం నా అనుభవంలో నిజం.

ఒక రాత్రి ఒక కథ చదివాను. అందులో ఒకావిడ రోజూ పడుకునే ముందు వంటింట్లో గ్లాసులు లెక్కపెడుతుంది. ఆరు. కథ మొదట్లో ఆరు, మధ్యలో ఆరు, చివర్లోనూ ఆరే. ఏమీ జరగలేదు, ఇదేం కథరా బాబూ అనుకుని మంచినీళ్ళకి లేచాను. నాకు తెలియకుండానే వేలు గ్లాసుల మీద నడిచింది. ఏడున్నాయి. మా ఇంట్లో ఎన్ని గ్లాసులుండాలో నాకు ఎప్పుడూ తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇది నిజంగా జరిగిందా, ఆ పాత్రకి పిచ్చా? రచయిత చెప్పొచ్చుగా?

చెప్పేస్తే కథ ఆ క్షణంలోనే చచ్చిపోతుంది. త్స్వెతాన్ తొదొరోవ్ అనే విమర్శకుడు 1970లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన లెక్క ప్రకారం, జరిగినదానికి మామూలు కారణం దొరికితే అది ఒక రకం కథ, నిజంగానే దెయ్యం అని తేలిపోతే అది ఇంకో రకం, ఏదీ తేల్చుకోలేక పాఠకుడు నలుగుతున్నంతసేపు మాత్రమే అది అసలైన వింత కథ. అంటే మీరు పడుతున్న ఆ ఊగిసలాట కథలోని లోపం కాదు, కథ ఉన్నదే దాని మీద. చదివేటప్పుడు రెండు ఖాతాలూ తెరిచి ఉంచండి. ఈ పేరాలో పిచ్చి అనడానికి ఆధారం పడింది, తర్వాతి పేరాలో దెయ్యం అనడానికి పడింది, అలా రాసుకుంటూ పోతుంటే పత్తేదారు కథ చదివినంత మజా వస్తుంది, కాకపోతే దొంగ దొరకడు.

ఊగిసలాట అస్సలు లేని కథలూ ఉన్నాయి, మనిషి గాల్లో తేలుతున్నాడని అందరికీ తెలుసు, ఆ నెల అద్దె ఎవరు కడతారన్నదే గొడవ. వాటి దగ్గర ఈ లెక్క వెయ్యకండి.

సగంలో దారి తప్పిపోతున్నాను. వెనక్కెళ్ళి మళ్ళీ చదవాలా?

వద్దు, ముందుకే వెళ్ళండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే మాత్రం వెనక్కెళ్ళండి, అది మీరు మిస్సయ్యారు. ఇది ఎలా సాధ్యం అనిపిస్తే వెళ్ళకండి, అది రాసినాయన వెనక పేజీల్లో కూడా పెట్టలేదు.

ఫోన్‌లో చదివితే ఆ మూడ్ రావట్లేదు, పుస్తకంలోనే చదవాలా?

పుస్తకమైనా ఫోనైనా ఒకటే, నోటిఫికేషన్లు ఆపండి చాలు. ఇరవై నిమిషాల కథలో మూడుసార్లు బ్యాంకు మెసేజ్ చూస్తే ఏ దెయ్యం మాత్రం ఏం చెయ్యగలదు.

## చదివేశాక

ముగింపు అర్థం కాలేదు. నాకే తెలివి తక్కువా?

అస్సలు కాదు. కాకపోతే "అర్థం కాలేదు" అనే మాటతో మనం రెండు వేరు వేరు విషయాలు చెప్తుంటాం. ఏం జరిగిందో తెలియకపోవడం ఒకటి, ఏం జరిగిందో తెలిసి కూడా తేల్చి చెప్పలేకపోవడం ఇంకొకటి. రెండోదాన్ని రచయితలు కావాలనే చేస్తారు.

డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన కోతి చెయ్యి కథలో మూడు కోరికలు తీర్చే ఒక ఎండిన కోతి చెయ్యి ఉంటుంది. యంత్రంలో నలిగి చచ్చిపోయిన కొడుకు తిరిగి రావాలని తల్లి పట్టుబట్టి భర్త చేత రెండో కోరిక కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆవిడ పై గడియ అందక కుర్చీ వేసుకుని తియ్యబోతుంటే, ముసలాయన నేల మీద తడుముకుంటూ ఆ చెయ్యి వెతుక్కుని మూడో కోరిక కోరేస్తాడు. ఏం కోరాడో కథ చెప్పదు. చప్పుడు ఆగిపోతుంది. తలుపు తీస్తే వీధి దీపం కింద ఖాళీ రోడ్డు. బయట నిలబడింది ఏమిటో ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు, అందుకే ఒక్కొక్కరికీ ఒక్కోటి కనబడింది. నాకు మాత్రం దానికంటే ఆ కుర్చీ ఎక్కువ గుర్తుండిపోయింది, కొడుకు కోసం కుర్చీ ఈడ్చుకొచ్చిన తల్లి. ముగింపు అర్థం కాలేదని మీరనుకుంటున్న కథలో మీకు అలాంటి కుర్చీ ఏదైనా గుర్తుందేమో చూసుకోండి, ఉంటే మీకు అందాల్సింది అందినట్టే.

ఆ పురుగు దేనికి ప్రతీక? ఆ నల్ల తలుపు దేనికి?

పరీక్షలో రాయాలంటే ఏదో ఒకటి రాసెయ్యండి. సరదాకి చదువుతుంటే మాత్రం ఆ ప్రశ్నని కొన్నాళ్ళు ఆపి ఉంచండి, ఎందుకంటే "పురుగు అంటే ఆధునిక మానవుడి ఒంటరితనం" అని ఒక్కసారి అనేసుకున్నాక ఆ పురుగు కాళ్ళు మీ ఒంటి మీద పాకడం మానేస్తాయి. 'మెటమార్ఫసిస్' పుస్తకంగా వస్తున్నప్పుడు, అంటే 1915 అక్టోబర్‌లో, కాఫ్కా ప్రచురణకర్తకి ఉత్తరం రాసి ఆ పురుగుని అట్ట మీద బొమ్మ వెయ్యొద్దని, దూరం నుంచి చూపించినట్టుగా కూడా వద్దని బతిమాలాడు. చివరికి అట్ట మీద పడింది తెరిచిన తలుపు నుంచి మొహం కప్పుకుని పక్కకి తిరిగిపోతున్న ఒక మనిషి. రచయితే బొమ్మకి కూడా ఒప్పుకోనిదానికి మనం నిర్వచనం ఇవ్వడం దేనికి?

కథ అయిపోయి రెండ్రోజులైనా తలలోంచి పోవట్లేదు. ఇది మామూలేనా?

మామూలే, పైగా అదే ఈ కథల పని. మనకి చిన్నప్పుడు కథ అయిపోతే కథ కంచికి, మనం ఇంటికి అనేవాళ్ళు. అంటే ఇద్దరం విడిపోయాం, ఇక పడుకో అని. వింత కథలు కంచికి వెళ్ళవు, వెనకాలే ఇంటికొస్తాయి.

ఈ కిటుకు మనవాళ్ళకి కొత్తేం కాదు. 11వ శతాబ్దంలో సోమదేవుడు చెప్పిన కథాసరిత్సాగరంలో కూడా ఉన్న బేతాళ కథల్నే చూడండి. రాజు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడుస్తుంటాడు, శవంలోని బేతాళుడు కథ చెప్తాడు, చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెప్పడానికి నోరు తెరిస్తే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు జవాబు చెప్పేస్తాడు కాబట్టి మనకి అక్కడితో నిద్ర పట్టేది. ఇప్పటి కథలు ప్రశ్న వేసి రాజుని కూడా తీసుకెళ్ళిపోతాయి, శవం మన భుజం మీద మిగులుతుంది.

రెండోసారి చదివితే మజా పోతుందా?

ట్విస్ట్ మీద నిలబడ్డ కథ అయితే పోతుంది. మిగతావి పెరుగుతాయి. మొదటిసారి "ఆయన కాఫీ ముట్టుకోలేదు" అనే వాక్యం దాటేసి వెళ్ళిపోతారు, రెండోసారి అక్కడే ఆగిపోతారు.

## రాయాలనుకుంటే

నాకు భలే కల వచ్చింది. అది ఉన్నదున్నట్టు రాసేస్తే కథ అయిపోతుందా?

అవదు, నేను ప్రయత్నించి చూశాను. ఎదుటివాడి కల వినడం ఎంత నరకమో మీకూ తెలుసు, "అప్పుడు ఆ ఇల్లు బస్సైపోయింది, బస్సులో నువ్వున్నావు, కానీ నువ్వు నువ్వు కాదు" అంటుంటే మర్యాదకి తల ఊపుతుంటాం. కల వచ్చినవాడికి దానితోపాటు ఒక ఉద్వేగం కూడా వస్తుంది, చెప్పేటప్పుడు అది ఒక్కటే రాదు. అదీకాక అన్నీ మారిపోయే చోట ఏది మారినా పాఠకుడికి పట్టదు. కలలోంచి ఒక్క వస్తువుని మాత్రం దొంగిలించండి, మిగతాది మెలకువలోంచి తెచ్చుకోండి.

వింతని ఎలా ప్రవేశపెట్టాలి? మొదటి వాక్యంలోనా, చివర్లోనా?

ఎక్కడైనా పెట్టొచ్చు, అది వింత అని మాత్రం మీరు చెప్పకూడదు. కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. ఇలా రాస్తారు:

"ఆ ఇంట్లో మెట్లు రాత్రిపూట వింతగా, భయంకరంగా ప్రవర్తించేవి."

ఇందులో చూడడానికి ఏమీ లేదు, భయపడమని ఆర్డర్ వేసినట్టుంది. ఇప్పుడిది చూడండి:

"పద్నాలుగు మెట్లు. చిన్నప్పట్నుంచీ లెక్కపెట్టుకుంటూ ఎక్కడం అలవాటు, కరెంటు పోయినా తడుముకోవక్కర్లేదు. పద్నాలుగు దాటాక వరండా కోసం కాలు చాచాడు. ఇంకో మెట్టు తగిలింది. వెచ్చగా ఉంది."

ఇక్కడ అలవాటు ముందు వచ్చింది, అంకె వచ్చింది, ఆ తర్వాతే తప్పు వచ్చింది. 'వెచ్చగా' అన్న మాట తీసేసి మళ్ళీ చదవండి, లెక్క తప్పాడేమో అనిపిస్తుంది. అది ఉంటే మెట్టు వేరే ఏదో అయిపోతుంది. ఒంటికి తెలిసే మాట ఒక్కటి పడాలి, వేడో, తడో, వాసనో. 'భయంకరం', 'అంతుచిక్కని', 'ఏదో తెలియని శక్తి' లాంటివి రాశాక తీరిగ్గా కూర్చుని కొట్టేయండి, ఏ కథకీ వాటివల్ల లాభం జరగ్గా నేను చూడలేదు.

చివర్లో "ఇదంతా కల" అని తేల్చేస్తే?

వద్దండీ. అంతసేపూ ఊ కొట్టినవాణ్ణి వెర్రివాణ్ణి చేసినట్టవుతుంది.

చదివినవాళ్ళు అర్థం కాలేదంటున్నారు. ఎంతవరకు వివరించాలి?

ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అన్నవి పసిపిల్లలకి కూడా తెలిసేంత స్పష్టంగా ఉండాలి. ఎందుకు అన్నది దాచుకోవచ్చు. గజిబిజి వాక్యాలు రాసి వాటినే మాయ అనుకునే అలవాటు చాలామందికి ఉంది, కొన్నేళ్ళు నాకూ ఉండేది. వింత ఎంత పెద్దదైతే వాక్యం అంత సాదాగా ఉండాలి. రచయితగా మీకు మాత్రం ఎందుకో కొంచెమైనా తెలిసుండాలి, ఏమీ తెలియకుండా రాస్తే అది ఎలాగో పాఠకుడికి తెలిసిపోతుంది.

ఇక పరీక్ష ఒకటుంది. చదివినవాళ్ళని అర్థమైందా అని అడక్కండి, ఏం గుర్తుంది అని అడగండి. నా కథ ఒకటి చదివిన స్నేహితుడు మొహమాటం లేకుండా, ముక్క అర్థం కాలేదన్నాడు. సరేలే ఏమైనా గుర్తుందా అంటే కాసేపు ఆలోచించి, "ఆ గదిలో గోడవైపు తిప్పి పెట్టిన కుర్చీ ఉంది చూడు, దాన్ని ఎవరైనా ఇటు తిప్పితే బాగుండేది" అన్నాడు. నేను కథలో ఒక్క అక్షరం మార్చలేదు.